బరంపురం పిల్లలతో మాల్టాలో ఇంగ్లీషు కోర్సు: నా అనుభవం

ఒడిశాలోని బరంపురంలో మా స్కూలు తొమ్మిదో తరగతి పిల్లల్ని వేసవి సెలవుల్లో ఇంగ్లీషు కోర్సు కోసం మాల్టా తీసుకెళ్లాలనుకుంటున్నాం అని చెప్పగానే చాలామంది తల్లిదండ్రులకి ఒకటే అనుమానం వచ్చింది. "ఇంగ్లీషంటే లండనో ఏదో వెళ్లాలి గానీ, ఈ మాల్టా ఏటి టీచరుగారూ?" అని.

అడగాల్సిన ప్రశ్నే. మాల్టా సిసిలీకి దక్షిణాన, మధ్యధరా సముద్రంలో ఉన్న చిన్న దేశం. మాల్టా, గోజో, కొమినో దీవులన్నీ కలిపినా విస్తీర్ణం 316 చదరపు కిలోమీటర్లే. జనాభా అయిదు లక్షల పైచిలుకు. మా గంజాం జిల్లాలోనే 2011 లెక్కల్లో 35 లక్షల మంది ఉన్నారు. 1964 దాకా ఆ దేశం బ్రిటిష్ వాళ్ల ఏలుబడిలో ఉంది. అందుకే అక్కడ మాల్టీస్‌తో పాటు ఇంగ్లీషు కూడా అధికార భాష. వేసవి వస్తే ఇటలీ, స్పెయిన్, పోలండ్, టర్కీ నుంచి స్కూలు పిల్లలు గుంపులుగా ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారు. ఇంగ్లండ్ కంటే ఖర్చు తక్కువ, ఎండకి లోటు లేదు. నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. అక్కడివాళ్లు ఇంట్లో వేరే భాష మాట్లాడుకుంటారు. వాళ్లకీ ఇంగ్లీషు రెండో భాషే. మా పిల్లలకి అలాంటి చోటే కావాలనిపించింది.

ఎందుకో చెప్పాలంటే మా పిల్లల సంగతి చెప్పాలి. నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడిలో, పాఠాలు చెప్తున్నది బరంపురంలో. మా స్కూల్లో తెలుగిళ్ల పిల్లలు ఎక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, టీవీలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. ఒకే వాక్యంలో రెండు భాషలు తిప్పేస్తారు, ఎక్కడా తడబడరు. ఇంగ్లీషులో గ్రామర్ పేపరు ఇస్తే ఎనభై మార్కులు తెచ్చుకుంటారు. అదే పిల్లల్ని లేపి, నిన్న సాయంత్రం ఏం చేశావో ఇంగ్లీషులో చెప్పమంటే తల దించుకుని బెంచీ గోకుతూ నిలబడతారు. ఏళ్ల తరబడి చూస్తున్నాను, ఆ మౌనం నాకు నచ్చదు.

సరే, బయల్దేరాలి. ఇంగ్లీషు సంగతి తరవాత, ముందు చలికాలమంతా కాగితాలతోనే సరిపోయింది.

సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకి ఒక తలనొప్పి ఉంది. మన పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉంటాయి. స్కూలు రికార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో చివరికి పోతుంది, ఇంకెక్కడో ఒక్క అక్షరంగా మిగులుతుంది. పుట్టిన సర్టిఫికెట్టు ఒడియాలో రాసి, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తెచ్చేసరికి వెంకటరమణ బెంకటరమణ అవుతాడు, వాసుదేవరావు బాసుదేబ రావు అవుతాడు. ఒడియా రాతలో బ, వ రెండింటికీ మామూలుగా ఒకే అక్షరం వాడతారు కాబట్టి అది గుమాస్తా తప్పు కూడా కాదు. కానీ పాస్‌పోర్టు కౌంటర్లో కూర్చున్నవాళ్లకి అవి ఇద్దరు వేర్వేరు మనుషుల పేర్లు. ఇంటిపేరు పొడి అక్షరంగా రాసినా ఒప్పుకోరు, పూర్తిగా విప్పి రాయాలి. ఒకమ్మాయి వాళ్ల నాన్నగారి పేరు ఏ రెండు కాగితాల్లోనూ ఒకేలా లేదు. ముందు నోటరీ దగ్గర అఫిడవిట్, తరవాత మునిసిపాలిటీలో దిద్దుబాటు, ఆ తరవాత ఆధార్ సెంటర్, అన్నీ అయ్యాకే పాస్‌పోర్టు అప్లికేషన్. ఆయన కిరాణా కొట్టు మూసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

పిల్లల పాస్‌పోర్టుకి తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేసిన అనెక్షర్-డి అనే సమ్మతి పత్రం కావాలి. ఫీజు వెయ్యి రూపాయలు. పిల్లలకి ఇచ్చే పాస్‌పోర్టు మామూలుగా అయిదేళ్లకో, పద్ధెనిమిది నిండేదాకానో, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది. తల్లిదండ్రులకి ముందే పాస్‌పోర్టులుంటే పని తేలిగ్గా నడుస్తుంది. లేనివాళ్లు పిల్లలతో పాటు తామూ తీసుకోవడం మంచిదని నేను ఇప్పుడు అందరికీ చెప్తున్నాను.

తరవాత వీసా. మాల్టా 2004లో యూరోపియన్ యూనియన్‌లో, 2007లో షెన్‌జెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది. అందువల్ల మాకు కావలసింది షెన్‌జెన్ వీసా. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు. మామూలుగా పదిహేను రోజుల్లో తేల్చాలి గానీ, అదనంగా చూడాలనుకుంటే నలభై అయిదు రోజుల దాకా పట్టవచ్చు. కోర్సులో సీటు ఇచ్చినట్టు అక్కడి భాషా పాఠశాల ఉత్తరం, ఎక్కడ ఉంటారో చెప్పే కాగితం, రానూపోనూ టికెట్లు, ముప్ఫై వేల యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్సు, మా స్కూలు ఇచ్చే అనుమతి పత్రం, తల్లిదండ్రుల బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, ఇద్దరి సంతకాలతో నోటరీ చేసిన సమ్మతి పత్రం, ఇవన్నీ ఒక్కో పిల్లకీ ఒక్కో ఫైలు. ఒకబ్బాయి తండ్రి గల్ఫ్‌లో పనిచేస్తున్నారు. ఆయన సమ్మతి పత్రాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాల్సి వచ్చింది. కొరియర్ వచ్చేదాకా వాళ్లమ్మగారు రోజూ స్కూలు గేటు దగ్గరికొచ్చి, "ఏటమ్మా, మా గుంటడిది ఆగిపోద్దా?" అని అడిగేవారు. ఆగలేదు.

పన్నెండేళ్లు నిండినవాళ్లంతా వేలిముద్రలు ఇవ్వాలి. అంటే పిల్లలందరూ వీసా సెంటరున్న నగరానికి రావాల్సిందే. రాత్రి రైలెక్కి తెల్లారి దిగాం. అంతకు ముందు వారమే మేనమామ పెళ్లి చూసుకుని వచ్చిన ఒకమ్మాయికి వేలి కొసలన్నీ ఎర్రగా గోరింటాకే. మిషన్ మీద పెడితే ముద్ర పడదు. తుడిచారు, మళ్లీ పెట్టారు, ఇంకా పడదు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కౌంటర్లో ఉన్నావిడ నెమ్మదస్తురాలు. చేతులు గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని రమ్మని పంపి, మిగతా వాళ్లందరిదీ అయ్యాక మళ్లీ పిలిచారు. అప్పుడు పడింది. వేలిముద్రలిచ్చే నెలలో ఆడపిల్లలు గోరింటాకు జోలికి వెళ్లకూడదని ఇప్పుడు మా సూచనల కాగితంలో రాశాం.

సామాన్ల దగ్గర ఇంకో చిక్కు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాలతో, మాంసంతో చేసినవి సంచీలో తీసుకెళ్లనివ్వరు. మన తల్లులేమో నెయ్యి లేకుండా పిల్లని పరాయి దేశం ఎలా పంపడం అంటారు. ప్రతి పెట్టె నుంచీ నెయ్యి సీసా తీయించాను. ఒకరు ఛెనాపోడ (పాల విరుగుడుతో చేసే ఒడియా మిఠాయి) డబ్బాలో పెట్టి, గట్టిగా టేపు చుట్టి, చీర మడతలో దాచారు. అదీ తీయించాను. ఆవకాయ, గోంగూర, కందిపొడి, అటుకులు మాత్రం వెళ్లాయి.

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రైల్లో సికింద్రాబాద్, శంషాబాద్‌లో విమానం, దుబాయిలో మారి మాల్టా. ఇక్కణ్నుంచి నేరుగా వెళ్లే విమానం లేదు. ఇమిగ్రేషన్ దగ్గర అడిగే ప్రశ్నలు స్కూల్లోనే ముందుగా ఆడించి చూశాం కాబట్టి పిల్లలు బెదరలేదు. వేసవిలో అక్కడి టైము మనకంటే మూడున్నర గంటలు వెనక. రాత్రి ఎనిమిది దాటినా వెలుతురుంటుంది. "ఇంకా పొద్దుంది కదా, ఇప్పుడే అన్నం ఏంటి మేడం" అన్నవాళ్లే పది నిమిషాల్లో కూర్చున్న చోట నిద్రపోయారు. బళ్లు మనలాగే ఎడమ పక్కన నడుస్తాయి, బ్రిటిష్ వాళ్లు వదిలి వెళ్లిన అలవాటు. బస్సుకి చెయ్యి ఎత్తాలి, లేకపోతే ఆగకుండా పోవచ్చు. అది మా పిల్లలకి ఎవరూ నేర్పనక్కరలేదు.

మొదటి రోజు పరీక్ష పెట్టి, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూస్తారు. యూరప్ అంతటా భాషకి ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లు. రాత పరీక్షలో మా వాళ్లలో ఎక్కువమంది బి1కి వచ్చారు. మాట దగ్గరికొచ్చేసరికి ఒక మెట్టు కిందే నిలబడ్డారు. అక్కడి టీచరు కొంచెం ఆశ్చర్యపోయారు, నేను పోలేదు.

ఇక్కడే నేను పట్టుబట్టిన విషయం ఒకటుంది. ఒక స్కూలు నుంచి గుంపుగా వచ్చిన పిల్లల్ని అలాగే ఒక గదిలో కూర్చోబెట్టడం వాళ్లకి సులువు. టైంటేబుల్ తేలిగ్గా కుదురుతుంది. మొదట మాకూ అలాగే ఇచ్చారు. ఆ ఉదయం క్లాసు బయట నిలబడి విన్నాను. టీచరు వెనక్కి తిరిగితే చాలు తెలుగు, ఆవిడ ఇటు తిరిగితే నిశ్శబ్దం. దీనికోసం ఇంత దూరం రావాలా? ఆఫీసుకి వెళ్లి, మా పిల్లల్ని విడదీసి వేరే దేశాల పిల్లల మధ్య వెయ్యమన్నాను. ఒక గదిలో మావాళ్లు ఇద్దరికి మించి ఉండకూడదన్నాను. వాళ్లు తర్జనభర్జన పడ్డారు, రేపు చూద్దామన్నారు. నేను అక్కడే కుర్చీలో కూర్చున్నాను. మర్నాటికి మార్చారు. ఆ యాత్ర మొత్తంలో డబ్బుకి తగిన పని ఏదైనా జరిగిందంటే ఆ మార్పుతోనే జరిగింది.

మార్చిన రోజు సాయంత్రం పిల్లల ముఖాలు చూడాలి. ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, ఏదో పెద్ద రహస్యం చెప్తున్నట్టు చెప్పింది. "మేడం, నా పక్కన ఇటలీ అమ్మాయి కూర్చుంది. అన్నీ తప్పులే మాట్లాడుతోంది. కానీ ఆగదు మేడం. టీచరు కూడా ఆపరు." ఆ పిల్ల చూసింది నేనూ చూశాను. మన క్లాసుల్లో వాక్యం సగంలో ఉండగానే దిద్దుతాం. అక్కడ టీచరు వాక్యం పూర్తయ్యేదాకా వింటారు, విన్నదాన్ని సరైన రూపంలో తన మాటగా తిరిగి అంటారు, ముందుకి వెళ్తారు. వాళ్లు ఆడించే ఆట ఒకటి నాకు బాగా నచ్చింది. ఇద్దరికి ఇంచుమించు ఒకేలా ఉండే రెండు బొమ్మలిస్తారు. ఒకరి బొమ్మ ఇంకొకరికి చూపించకూడదు. మాటలతో అడిగి తేడాలు పట్టాలి. పక్కనున్నది పోలండ్ అబ్బాయి అయితే తెలుగు పనికిరాదు, ఒడియా పనికిరాదు, సైగలు నిషేధం. ఇక నోరు తెరవాల్సిందే.

పొద్దున క్లాసులు, మధ్యాహ్నం బయట తిరగడం, రాత్రి మాల్టా కుటుంబాల ఇళ్లలో బస. నేను పెద్ద పిల్లలిద్దరితో పాటు ఒక పెద్దావిడ ఇంట్లో ఉన్నాను. ఆ దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. తాగేనీటిలో సగానికి పైగా సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి తయారుచేస్తారు. అందుకని స్నానం ఎంతసేపు చేస్తున్నారో ఆవిడ చెవిపెట్టి వినేవారు. ఎండాకాలంలో బరంపురంలో ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడిన పిల్లలకి అదేం కొత్తగా అనిపించలేదు. మా వాళ్లు బకెట్టు అడిగి తెచ్చుకుని, చెంబుతో పోసుకోవడం మొదలుపెట్టాక ఆవిడ చాలా సంతోషించారు. వాళ్లలో అన్నాన్ని ఓవెన్‌లో పెట్టి చేసే వంటకం ఉంది, మామూలుగా ఖీమా వేస్తారు. మాకోసం టమాటా, చీజ్‌తో చేశారు. దాంట్లో మా పిల్లలు గోంగూర కలుపుకుని తిన్నారు. ఆవిడ కూడా ఒక చెంచా వేయించుకుని, నీళ్లు తాగి, మళ్లీ వేయించుకున్నారు.

సముద్రం దగ్గర జరిగింది కొంచెం వివరంగా చెప్పాలి. మా పిల్లలు గోపాలపూర్ సముద్రం చూసి పెరిగినవాళ్లు. అక్కడి కెరటాలకి మోకాలి లోతు దాటి వెళ్లరు. మధ్యధరాలో ఆటుపోట్లు పెద్దగా ఉండవు. ఆ రోజు నీళ్లు చెరువులో నీళ్లలా కదలకుండా ఉన్నాయి. భయం పోయి అందరూ దిగారు. నేను ఒడ్డున ఒక కొసన చిన్నవాళ్లతో ఉన్నాను, ఇంకో టీచరు నీళ్లలో ఉన్నారు. రెండో కొసన ఒకమ్మాయి మోచేతికి జెల్లీఫిష్ తగిలింది. ఊదారంగు జెల్లీఫిష్‌లు ఆ సముద్రంలో మామూలే. గీతలు గీతలుగా ఎర్రగా పొంగి, పిల్ల కేకలు పెడుతోంది. పక్కనున్నది మా క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడే అమ్మాయి. మొదట తెలుగులోనే అరిచింది, ఎవరూ తిరిగి చూడలేదు. అప్పుడు లైఫ్‌గార్డ్ గూడు వైపు పరిగెత్తింది.

నేను అక్కడికి చేరేసరికి ఆ అమ్మాయి చెప్తూనే ఉంది. "మై ఫ్రెండ్, హర్ హ్యాండ్ ఈజ్ బర్నింగ్, నాట్ ఫైర్, ఫ్రమ్ ది వాటర్, సమ్ యానిమల్ టచ్ హర్, కమ్ ఫాస్ట్, ప్లీజ్ కమ్ ఫాస్ట్." అతను అడుగుతున్నాడు, ఈమె నడుస్తూనే జవాబిస్తోంది. ఎంతసేపైంది, ఊపిరి బాగానే తీసుకుంటోందా, ఇంతకు ముందు ఏదైనా పడకపోవడం ఉందా. అన్నిటికీ చెప్పింది. అతను మంచినీళ్లు పొయ్యనివ్వలేదు. మంచినీళ్లు పోస్తే అంటుకుని ఉన్న విషపు కణాలు ఇంకా పేలతాయట. సముద్రపు నీళ్లతోనే కడిగి, మిగిలిన తీగల్ని తీసేశాడు. తరవాత మందుల షాపుకి వెళ్లినప్పుడు కూడా మాట్లాడింది ఆ పిల్లే. నేను పక్కన నిలబడి డబ్బులిచ్చానంతే. వ్యాకరణం ప్రకారం చూస్తే ఆ వాక్యాలకి ఎన్ని మార్కులు పడతాయో నాకు తెలుసు. నేను ఇన్నేళ్లలో విన్న ఇంగ్లీషులో అంత మంచిది వినలేదు.

ఆ సాయంత్రం నుంచి ఆ పిల్ల మాట ఆగలేదని చెప్పను. క్లాసులో మళ్లీ మెల్లగానే మాట్లాడింది. కానీ తల దించుకోవడం మానేసింది.

ఇంకో సంగతి పిల్లలే ముందు పట్టుకున్నారు. మేమున్న ఇంటి పెద్దావిడ ఫోన్లో కూతురితో మాల్టీస్‌లో మొదలుపెట్టి, మధ్యలో ఇంగ్లీషులోకి వెళ్లి, మళ్లీ మాల్టీస్‌లోకి వచ్చేవారు. "మేడం, వీళ్లూ మనలాగే కలిపేస్తారు" అని మా పిల్లలు ఒకరినొకరు తట్టుకున్నారు. ఇక్కడ అలా కలిపి మాట్లాడితే ఏ భాషా సరిగ్గా రాదని తిట్లు తినే పిల్లలు వాళ్లు.

మాల్టీస్ కథ నన్ను కదిలించింది. సిసిలీలో ఒకప్పుడు మాట్లాడిన అరబ్బీ నుంచి పుట్టిన భాష అది, రాసేది మాత్రం రోమన్ అక్షరాల్లో. ఇటాలియన్ మాటలు విపరీతంగా కలిశాయి. వందల ఏళ్లపాటు అక్కడ కోర్టులకీ చదువుకున్నవాళ్లకీ ఇటాలియనే భాష. జనం మాట్లాడేది వంటింటికీ పొలానికీ పరిమితం. 1934లో ఇటాలియన్‌ని తప్పించి మాల్టీస్‌ని అధికార భాష చేశారు. 2004 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో అదీ ఒకటి. నేను పర్లాకిమిడిదాన్ని. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని పోరాడి, కొండల్లో సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువూ వ్యాకరణమూ రాసిన మనిషి. మధ్యధరాలో ఒక చిన్న దీవిలో సరిగ్గా ఆ కాలంలోనే ఇలాంటి పోరాటం నడిచిందని తెలిసినప్పుడు ఆయన గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? పిల్లలకి ఆ రాత్రి ఆయన గురించి చెప్పాను. పర్లాకిమిడి బస్సెక్కితే వెళ్లగల ఊరే అయినా వాళ్లలో ఎక్కువమందికి ఆ పేరు తెలియదు. తెలుగు చదవడం రానివాళ్లే ఎక్కువ. అది నాకు బాధే.

చూసినవాటి గురించి ఎక్కువ రాయను. 1565లో తురుష్కుల ముట్టడిని తట్టుకున్నాక, మర్నాటి ఏడాదే, అప్పట్లో మాల్టాని ఏలిన సెయింట్ జాన్ క్రైస్తవ యోధులు కట్టడం మొదలుపెట్టిన రాజధాని వాలెట్టా నగరం, నిలువూ అడ్డం గీత గీసినట్టున్న దాని వీధులు, మధ్యాహ్నం పన్నెండుకి పేల్చే ఫిరంగి పిల్లలకి బాగా నచ్చాయి. గోజోలో పిరమిడ్ల కంటే పాతవైన రాతి గుడులున్నాయి. ఎండకి తల మాడిపోయి, సగం మంది వాటిని సరిగ్గా చూడలేదు.

ఖర్చు తలకి రెండు లక్షలు దాటింది. ఇది చిన్న మొత్తం కాదు. తిరిగొచ్చాక ఒక తండ్రి వచ్చి, వచ్చే ఏడాదికి బంగారం కుదువ పెట్టి అయినా పంపుతానన్నారు. వద్దని చెప్పాను. అప్పు చేసి పంపాల్సినంత పని కాదిది. పంపగలిగినవాళ్లు పంపితే మాత్రం, మొదటి రోజే పిల్లల్ని విడదీసి కూర్చోబెడతారా అని ఆ పాఠశాలని ఉత్తరం రాసి అడగండి. సరేనని రాతలో చెప్తేనే డబ్బు కట్టండి. పేర్ల దిద్దుబాటు దసరాకి ముందే మొదలుపెట్టండి.

వెళ్లలేని పిల్లల కోసం ఆ బొమ్మల ఆట మేమే తయారుచేశాం. మా డ్రాయింగు టీచరు బరంపురం బజారు, రైల్వే స్టేషను, ఠాకురాణి జాతర బొమ్మలు జతలు జతలుగా గీసిచ్చారు. శనివారాలు మాల్టా వెళ్లొచ్చిన పిల్లలు ఎనిమిదో తరగతి వాళ్లని ఆడిస్తున్నారు. జతలో ఒక ఒడియా ఇంటి పిల్ల, ఒక తెలుగింటి పిల్ల ఉండేలా చూస్తున్నాం గానీ అది చాలడం లేదు, ఇద్దరికీ రెండూ వచ్చు మరి. పక్క స్కూల్లో ఒడియా, తెలుగు రెండూ రాని పిల్లలు, రైల్వే ఉద్యోగుల పిల్లలు కొందరు ఉన్నారని తెలిసి, వాళ్ల హెడ్‌మాస్టరుగారితో మాట్లాడాను. వచ్చే శనివారం నుంచి వాళ్లూ వస్తామన్నారు.